నీలగిరి పూతను గుర్తుపట్టడం

(నల్గొండలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, ప్రకృతి పరిశీలనలో ఆసక్తి ఉన్నవారు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన జిల్లాల్లో నీలగిరి చెట్టును చూడనివారు ఉండరు. చెలకల్లో వరుసలు తీరి, చెరువు శిఖాల్లో, రోడ్ల వెంబడి, పాత బడుల ఆవరణల్లో అది ఎక్కడపడితే అక్కడ కనబడుతుంది. కొందరు జామాయిల్ అంటారు, కొందరు యూకలిప్టస్ అంటారు, ఏ పేరుతో పిలిచినా చెట్టు మాత్రం కళ్ల ముందు మెదులుతుంది. అయితే దాని పువ్వు ఎట్లా ఉంటుందని అడిగి చూడండి. "దానికి పూలు పూస్తాయా సార్?" అన్న ఎదురు ప్రశ్నే ఎక్కువసార్లు వస్తుంది. తంగేడు పూసిందంటే బతుకమ్మ వచ్చిందని ఊరంతటికీ తెలుస్తుంది, మోదుగు పూసిందంటే గుట్ట రంగే మారిపోతుంది. నీలగిరి మాత్రం మన తల మీదనే పూసి, మన కాళ్ల దగ్గరనే రాలిపోతున్నా ఎవరి కంటా పడడం లేదు. ఈ పూటకు ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం. ఈ చెట్టు భూగర్భజలాన్ని పీలుస్తుందా, నేలను పాడు చేస్తుందా అన్న వాదం పెద్దది, దానికి వేరే సభ కావాలి.

పువ్వు కనబడకపోవడానికి మొదటి కారణం మన కంటికి ఉన్న అలవాటు. పువ్వు అనగానే మనం రేకుల కోసం వెతుకుతాం, నీలగిరి పువ్వుకేమో విప్పారే రేకులు లేవు. రేకులు అసలే లేవని కాదు. మొగ్గ దశలోనే అవి ఒకదానితో ఒకటి అతుక్కుపోయి గట్టి మూతగా మారతాయి, మొగ్గ కింది సగం కప్పుగా ఏర్పడుతుంది, పై సగం ఆ కప్పును మూసి ఉంచుతుంది. కుంకుమ భరిణెను మనసులో పెట్టుకుంటే ఈ నిర్మాణం వెంటనే అర్థమవుతుంది. లోపల వందకు పైగా కేసరాలు, అంటే పుప్పొడిని మోసే సన్నని పోగులు, తరచుగా లోపలి వైపుకు వంగి, మడతపడి ఉంటాయి. అవి ముదిరి నిటారుగా లేవబోయే వేళకు కప్పుకూ మూతకూ నడుమ ఉన్న గీత దగ్గర కణజాలం ఎండి తెగుతుంది, మూత ఊడి కింద పడుతుంది, కేసరాలు నాలుగు దిక్కులా విచ్చుకుంటాయి. మనం పువ్వు అనుకొని చూసే తెల్లని, కొంచెం మీగడ రంగు కలిసిన కుచ్చు అంతా కేసరాలే. విప్పారిన తరువాత దాని అడ్డుకొలత మన ప్రాంతపు చెట్లలో దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. నలభై యాభై అడుగుల ఎత్తున, గాలికి ఊగే ఆకుల మధ్య, ఎండకు మెరిసే ఆకాశం కింద రెండు సెంటీమీటర్ల తెల్లని కుచ్చు కంటికి ఆనకపోవడంలో వింత లేదు.

ఈ మూత సంగతి వృక్షశాస్త్ర చరిత్రలో కూడా ముఖ్యమైనదే. కెప్టెన్ కుక్ మూడవ సముద్రయాత్రలో, 1777లో, టాస్మేనియా దక్షిణ తీరంలోని అడ్వెంచర్ బే దగ్గర డేవిడ్ నెల్సన్ అనే సేకర్త ఒక కొమ్మను తీసుకొని లండన్‌కు చేర్చాడు. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లెరిటియే దానిని పరిశీలించి, మొగ్గ మీది మూతనే ప్రధాన లక్షణంగా పట్టుకొని 1788లో యూకలిప్టస్ అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల సమూహాన్ని, స్థాపించాడు. ఆ తరువాత జాతుల సంఖ్య పెరుగుతూ పోయి ఈనాటికి ఏడు వందలు దాటింది. వాటిని వేరు చేయడానికి బెరడు చాలదని, ఆకు అంతకన్నా చాలదని గ్రహించి, జార్జ్ బెంథామ్ అనే వృక్షశాస్త్రవేత్త 1867లో పరాగకోశాల, అంటే కేసరాల కొనన పుప్పొడి ఉండే సంచుల, ఆకారాన్ని ఆధారం చేసుకొని వర్గీకరణ చేశాడు. అంటే ఈ చెట్టును సరిగా గుర్తించాలంటే పువ్వు దాకా వెళ్లక తప్పదని ఆనాటి పండితులకు బాగా తెలుసు. రోడ్డు మీద పోతూ ఆకు చూసి పేరు చెప్పేసే అలవాటు మనది.

మన పొరపాట్లలో రెండవది ఫోన్‌లో వెతకడం నుంచి పుడుతోంది. నీలగిరి పువ్వు అని వెతికితే ఎర్రని, గులాబి రంగు కుచ్చుల బొమ్మలు, లేదా నాలుగు సెంటీమీటర్ల వెడల్పున ఒంటిగా పూసిన పెద్ద పువ్వు బొమ్మ వస్తాయి. ఎర్రనివి చాలావరకు పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన వేరే చెట్లు. ఒంటిగా పూసే పెద్ద పువ్వు యూకలిప్టస్ గ్లోబులస్‌ది, ఊటీ ప్రాంతంలో 1843 నుంచి పెంచుతూ వచ్చినది ఆ జాతినే. దానికి చల్లని ఎత్తైన కొండలు కావాలి, మన ఎండలకు అది నిలవదు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో, నాగర్‌కర్నూల్‌లో మనం నీలగిరి అంటున్నవి చాలావరకు టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ అనే రెండు జాతులు, వాటి సంకరాలు, ఆ సంకరాల నుంచి ఎన్నిక చేసిన క్లోన్లు, అంటే ఒకే తల్లి చెట్టు నుంచి పెంచిన నకళ్లు. మైసూరు రాజ్యంలోని నంది కొండల మీద టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో నాటిన చెట్ల సంతతి నుంచి వ్యాపించినదాన్ని మైసూర్ గమ్ అంటారు, అది టెరెటికార్నిస్ వంశమే. పేపరు మిల్లుల కోసం మన రైతులు వేసే తోటల్లో ఎక్కువగా భద్రాచలం క్లోన్ల వంటివి ఉంటాయి. కాబట్టి ఫోన్‌లో చూసిన ఎర్రని పువ్వును మనసులో పెట్టుకొని దేవరకొండ దారిలో చెట్లకేసి చూస్తే, పూత నిండుగా ఉన్న రోజున కూడా ఏమీ కనబడదు.

కమాల్డులెన్సిస్ గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. ఆస్ట్రేలియా లోపలి నదుల ఒడ్డున పెరిగే ఈ చెట్టుకు శాస్త్రీయ వివరణ ఆస్ట్రేలియాలో పెరిగిన చెట్టును చూసి రాయలేదు. ఇటలీలో నేపుల్స్ దగ్గర కమాల్డోలి తోటలో పెంచిన చెట్టును చూసి డెన్‌హార్ట్ అనే ఆయన 1832లో రాశాడు. పరాయి నేల మీద నాటిన చెట్టు అక్కడ పూసి కాసింది కనుకనే దానికి పేరు పెట్టడం సాధ్యమైంది. మన ఊరి చెట్టు కూడా పరాయి నేల మీద నాటినదే కదా, ఇక్కడి పూత చూడడానికి పనికిరాదని ఎవరూ అనుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీలగిరి పువ్వును నేరుగా వెతకవద్దు అన్నది నా సలహా. పువ్వు విచ్చుకున్న తరువాత నాలుగైదు రోజులు మించి నిండుగా నిలవదు, మొగ్గలు నెలల తరబడి ఉంటాయి, కాయలు అంతకన్నా ఎక్కువ కాలం కొమ్మను పట్టుకొని ఉంటాయి. మొగ్గనూ కాయనూ గుర్తుపట్టడం నేర్చుకున్నవారికి పువ్వు ఎప్పుడు వస్తుందో, వచ్చి పోయిందో చెట్టే చెబుతుంది. పువ్వు మాత్రమే తెలిసినవారు అదృష్టం మీద ఆధారపడాలి.

చూపు మొదట పైకి పోకూడదు, నేల మీదికి పోవాలి. నీలగిరి కింద ఆకులు, బెరడు పెచ్చులు ఎట్లాగూ పరుచుకొని ఉంటాయి. కూర్చొని ఆ చెత్తను వేళ్లతో కదిపితే మూడు రకాల వస్తువులు దొరకవచ్చు. మొదటిది రాలిన మూత. అది లోపల బోలుగా, ఒక కొన సన్నగా, మరో కొన గుండ్రని అంచుతో ఉంటుంది, బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దది. ఆకుపచ్చగానో పసుపుగానో, మెత్తగా ఉంటే నిన్నో ఈ రోజో రాలినది, అంటే తల పైన పువ్వు ఉన్నట్టే. గోధుమరంగుకు మారి పెళుసుగా విరిగితే ఆ పూత గడిచిపోయింది. రెండవది కేసరాలు. పూత చివరి దశలో కేసరాలు విడివిడిగానూ, కొన్నిసార్లు వలయంగా ఒకేసారి ఊడి కూడా రాలుతాయి, అవి నేల మీద తెల్లని నలుసులుగా కనబడి ఒక పూటలోనే వాడిపోతాయి. మూడవది కాయ, చెక్కలా గట్టిగా, పైన నాలుగు, ఒక్కోసారి మూడు లేదా ఐదు దంతాల్లాంటి పళ్లు పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఇది కనబడితే ఈ చెట్టు ఇంతకుముందు పూసి కాసిందని మాత్రమే అర్థం, ఇప్పుడు పూసిందని కాదు. చాలామంది ఈ కాయను చూసి ఎండిన పువ్వు అనుకుంటారు.

మూత ఆకారాన్ని గమనిస్తే జాతి సంగతి కూడా కొంత తెలుస్తుంది. టెరెటికార్నిస్ మూత కొమ్ములా పొడుగ్గా, కింది కప్పుకన్నా రెండు మూడు రెట్లు పొడవుగా ఉంటుంది. కమాల్డులెన్సిస్ మూత పొట్టిగా ఉండి, తరచుగా కొనలో చిన్న ముక్కులా సాగి ఉంటుంది. సంకరాల్లో రెండింటికీ మధ్యస్థంగా ఉండే మూతలు దొరుకుతాయి కాబట్టి మూత ఒక్కదాన్నే చూసి పేరు రాసేయడం తొందరపాటు. ఇంకొక సూక్ష్మమైన విషయం ఉంది. ఈ రెండు జాతుల్లోనూ మొగ్గకు నిజానికి రెండు మూతలు. బయటిది రక్షకపత్రాలతో, అంటే మొగ్గను కాపాడే బయటి పత్రాలతో ఏర్పడినది, మొగ్గ చిన్నగా ఉండగానే రాలిపోయి సన్నని గీతను మాత్రం మిగులుస్తుంది. లోపలిది ఆకర్షణపత్రాలతో, అంటే రేకులతో ఏర్పడినది, పువ్వు విచ్చుకునే రోజున పడేది అదే. చేతిలోకి మొగ్గ వచ్చినప్పుడు లెన్సుతో ఆ గీతను వెతకండి.

నేల మీద తాజా మూతలు దొరికిన తరువాతనే తల ఎత్తాలి. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకొని నిలబడాలి, ఎదురు వెలుగులో తెల్లని కేసరాలు ఆకాశంలో కలిసిపోతాయి. నీలగిరి ఆకులు నిలువుగా వేలాడతాయి, రెండు వైపులా ఒకే రంగులో ఉంటాయి, అందువల్ల చెట్టు ఎప్పుడూ కొంత తెల్లబారినట్టే కనిపించి కంటిని మోసం చేస్తుంది. ఉదయపు ఏటవాలు ఎండ దీనికి మంచిది. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్ చాలు, అది లేకపోతే ఫోన్‌తో ఫోటో తీసి తెర మీద పెద్దది చేసుకొని చూసినా పని జరుగుతుంది. కళ్లకన్నా ముందు చెవులకు పని చెప్పడం కూడా మేలే. పూత మీద ఉన్న నీలగిరి కింద పొద్దున్నే నిలబడితే తేనెటీగల రొద వినబడుతుంది, రొద ఏ కొమ్మ నుంచి వస్తోందో ఆ కొమ్మకు కన్ను సారించాలి. కప్పు లోపలి గోడ నుంచి మకరందం ఊరుతుంది, పుప్పొడి కూడా సమృద్ధిగా దొరుకుతుంది కనుక మన పెద్ద తేనెటీగలు, చిన్న తేనెటీగలు, పెట్టెల్లో పెంచే ఈగలు అన్నీ వస్తాయి. తేనెపిట్టలు కూడా వస్తాయి. ఆస్ట్రేలియాలో పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు చేర్చే పని చిలుకలు, తేనె తాగే ఇతర పక్షులు, గబ్బిలాలు కూడా చేస్తాయి. ఇక్కడ ఆ పాత్రలో ప్రధానంగా తేనెటీగలే ఉన్నాయి. పెద్ద తేనెటీగల పట్టు ఉన్న చెట్టు కిందికి మాత్రం పోవద్దు, అగరుబత్తి పొగ కూడా అక్కడ ప్రమాదమే.

కొమ్మ దొరికితే దాన్ని చివరి నుంచి మొదలుకు చదవాలి. పూత ఆకు మొదలు దగ్గర, కొమ్మకూ ఆకుకూ నడుమ ఉండే గ్రీవంలో వస్తుంది. ఒక చిన్న కాడ చివర ఏడు నుంచి పదకొండు మొగ్గల దాకా గుచ్ఛంగా ఉంటాయి. కొమ్మ చివరన లేత ఆకుల గ్రీవాల్లో గుండుసూది తలంత మొగ్గలు, కొంచెం కిందికి ముదిరిన మొగ్గలు, ఇంకా కిందికి విచ్చుకున్న పూలు, ఆకులు రాలిన పాత భాగంలో కాయలు కనబడవచ్చు. అన్నీ ఒకే కొమ్మ మీద ఎప్పుడూ ఉండవు కానీ ఈ వరుస మాత్రం తప్పదు. వరుసలో ఏ మెట్టు దాకా వచ్చిందో చూస్తే పూతకు ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. మొగ్గ ఆకుపచ్చ నుంచి పసుపు వైపు తిరిగి, మూతకూ కప్పుకూ నడుమ గీత స్పష్టంగా కనబడితే ఇక రోజుల్లో విచ్చుకుంటుంది. గాలివానకు విరిగిపడిన కొమ్మలకన్నా మంచి నమూనా మరొకటి లేదు, చెట్టు ఎక్కవలసిన అవసరం ఎవరికీ లేదు. నీలగిరి కొమ్మ చెప్పకుండా విరుగుతుంది.

ఏ నెలలో పూస్తుందని అడుగుతారు. పంచాంగం చూసి చెప్పగల పూత కాదు ఇది. విత్తనం నుంచి వచ్చిన చెట్లలో ఒక చెట్టుకూ పక్క చెట్టుకూ వారాల తేడా ఉంటుంది, ఒకటి విరగబూసి ఉంటే దాని పొరుగుది మొగ్గ కూడా తొడగకపోవచ్చు. క్లోన్ తోటలో మాత్రం అన్నీ ఒకే తల్లి చెట్టు నకళ్లు కాబట్టి దాదాపు ఒకేసారి పూస్తాయి. నేలలో తడి, ఆ ఏటి వాన కూడా పూతను ముందుకూ వెనక్కూ జరుపుతాయి. నెల పేరు బట్టీపట్టడంకన్నా, మీకు దగ్గరలో ఉన్న ఒక చెట్టును ఎంచుకొని ఏడాది పొడవునా దాని మొగ్గలను గమనించడం మేలు.

చెట్టును ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త కావాలి. కలప తోటల్లో చెట్లను నాలుగైదేళ్లకే నరుకుతారు, పూతకు వచ్చేది మూడు నాలుగేళ్ల వయసులో, అంటే పూయడం మొదలుపెట్టగానే గొడ్డలి వస్తుంది. పైగా దగ్గర దగ్గరగా నాటిన తోట నడుమ చెట్లకు పక్కల నుంచి వెలుతురు అందదు, పూసినా తలకాయన నాలుగు కొమ్మలకే పూస్తాయి. నరికిన మొదళ్ల నుంచి వచ్చే పిలకల మీద మొదట్లో వెడల్పాటి లేత ఆకులు ఉంటాయి, వాటి మీద పూత వెతకడం వృథా. తోట అంచు చెట్లు, గట్టు మీది చెట్లు, చెరువు శిఖంలో విడివిడిగా నిలిచిన పాత చెట్లు మనకు కావలసినవి, వాటికి కింది కొమ్మలు కూడా పూస్తాయి కనుక మెడ నొప్పి పెట్టకుండా చూడవచ్చు. రైతు తోటలోకి వెళ్లేముందు రైతును అడగడం మర్యాద.

వేరే చెట్లను చూసి నీలగిరి అనుకునే ప్రమాదం కూడా ఉంది. సుబాబుల్‌ను మన దగ్గర నీలగిరి పక్కనే వేస్తారు, దాని పూలు తెల్లని గుండ్రని బంతులు, కానీ ఆకు చింతాకులా చీలి ఉంటుంది. రోడ్ల పక్కన వేసిన ఆస్ట్రేలియా అకేషియా ఆకు వంపు తిరిగి అచ్చం నీలగిరి ఆకులాగే ఉంటుంది, అయితే ఈనెలు పొడవునా సమాంతరంగా సాగుతాయి, పూత పసుపు రంగు కంకి. సందేహం వస్తే ఆకును నలిపి వాసన చూడండి, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే నూనె గ్రంథులు చుక్కలుగా కనబడతాయి. ఆకుల ఈనెల మీద, తొడిమల మీద ఉబ్బిన కాయల వంటివి కనబడితే అవి మొగ్గలు కావు. లెప్టోసైబ్ ఇన్వేసా అనే చిన్న కందిరీగ జాతి పురుగు గుడ్లు పెట్టడం వల్ల వచ్చే గడ్డలు అవి. ఆ పురుగును శాస్త్రజ్ఞులు 2004లో వర్ణించారు, మన దక్షిణ రాష్ట్రాల తోటలను అది బాగా బాధించింది. మొగ్గ ఎప్పుడూ గ్రీవంలో, కాడ మీద ఉంటుంది. ఆకు మీదనే ఉబ్బు ఉంటే అది గడ్డ.

దీని బంధువులు మన ఇళ్ల దగ్గరే ఉన్నాయన్నది విద్యార్థులు గుర్తుంచుకోవాలి. జామ, నేరేడు, లవంగం, బాటిల్ బ్రష్ అన్నీ మిర్టేసి కుటుంబానివే. జామపువ్వులో రేకులూ ఉంటాయి, కేసరాల కుచ్చూ ఉంటుంది. నేరేడులో రేకులు కలిసి చిన్న టోపీగా ఊడిపోతాయి, నీలగిరి మూతను అర్థం చేసుకోవడానికి అది మంచి మెట్టు. వంటింట్లోని లవంగం విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ, దాన్ని నానబెట్టి తలకాయను సూదితో తీస్తే మడతపడ్డ కేసరాలు కనబడతాయి. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని మీరందరూ చూసి ఉంటారు. ఆ మర్రి పూలు కాయ లోపలే పూసి లోపలే ముగిసిపోతాయి, కోసి చూస్తే తప్ప కనబడవు. నీలగిరి అట్లా దాచుకునే చెట్టు కాదు, మూత తీసి మరీ చూపిస్తుంది.

పువ్వు విచ్చుకున్న తరువాత లోపల జరిగే క్రమం కూడా చూడదగ్గది. మొదటి రోజుల్లో పరాగకోశాలు పగిలి పుప్పొడి రాలుస్తాయి, నడుమ నిలబడ్డ కీలం, అంటే ఆడ భాగపు కాడ, మాత్రం ఇంకా సిద్ధంగా ఉండదు. కొద్ది రోజుల తరువాత దాని కొన అయిన కీలాగ్రం తడిసి మెరుస్తూ పుప్పొడిని అందుకునే స్థితికి వస్తుంది, అప్పటికి ఆ పువ్వు కేసరాలు వాడుముఖం పడతాయి. పుంభాగ ప్రథమోత్పత్తి అని మీరు పుస్తకంలో చదివినది ఇదే. దీనివల్ల ఒక పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందడం తగ్గుతుంది, అయితే అదే చెట్టులో మరో పువ్వు పుప్పొడి తేనెటీగ ద్వారా చేరే అవకాశం మిగిలే ఉంటుంది. కేసరాలు రాలాక కప్పు గట్టిపడి గుళికగా మారుతుంది, నెలల తరువాత ఎండి పళ్లు తెరుచుకొని నలకల్లాంటి విత్తనాలను వదులుతుంది.

పరిశీలన రాసుకునేవారు తేదీ, చోటు, చెట్టు తోటలోదా విడిగా ఉన్నదా, మూత ఆకారం, గుచ్ఛంలో మొగ్గల సంఖ్య, కొమ్మ మీద ఏ దశలు ఉన్నాయో, వచ్చిన కీటకాలు ఏవో రాస్తే చాలు. బల్ల మీద మూడు కొమ్మలు ఉంచాను, ఒకదాని మీద లేత మొగ్గలు, ఒకదాని మీద గీత తేలిన ముదురు మొగ్గలు, మూడవదాని మీద పళ్లు తెరిచిన కాయలు ఉన్నాయి. ముందు వరుస నుంచి ఒక్కొక్కరుగా రండి. లెన్సును కంటికి ఆనించి పట్టుకొని కొమ్మను దగ్గరకు తెచ్చుకోండి, ముదురు మొగ్గ మూతను గోటితో మెల్లగా పక్కకు నెట్టితే ఊడి వస్తుంది, కేసరాలు ఎటు వంగి ఉన్నాయో చూసి నాకు చెప్పండి.